తడి ఆరకముందే

"వాడు వస్తున్నాడంటేనే నాకు గుండె దడగా ఉందే అమ్మాయ్! నవ్వుకుంటూ వస్తాడు, ఏదో ఒకటి మన నెత్తిన పెట్టి పోతాడు. ఈసారి ఏం పెడతాడో!"

లాండ్రీ షట్టరు ఇంకా సగం కూడా లేవలేదు. కూతురు రెండు చేతులతో దాన్ని పైకి తోస్తుంటే అమ్మ పక్కనే నిలబడి, అది జారి పిల్ల తల మీద పడుతుందేమోనని ఒక చెయ్యి గాల్లో అడ్డం పెట్టి, రెండో చేత్తో తాళాలు గుండెకు అదుముకుని ఈ మాట అంది. షట్టరు పడలేదు. అది ఏనాడూ పడలేదు. అయినా ఆ చెయ్యి రోజూ లేస్తూనే ఉండేది.

"మావయ్య వస్తే మంచిదేగా అమ్మా. ఏవో వ్యాపారం క్లాసులకి వెళ్లొచ్చాడు. కొత్త సంగతులు చెబుతానన్నాడు."

"అదే నా భయం."

షాపు చిన్నది. ముందు కౌంటరు, దాని వెనక తెర. తెర అవతల రెండు పెద్ద మిషన్లు, గచ్చు మధ్య నీళ్లు పోయే కాలవ, గోడవార మాడు మచ్చలు పడ్డ దుప్పటి పరిచిన ఇస్త్రీ బల్ల. ఆ బల్ల ముందు నిలబడి నిలబడి ఇస్త్రీ పెద్దాయన కాళ్లు కూడా బల్ల కాళ్లలాగే గట్టిపడిపోయాయి. వీధి మలుపులో అద్దాల లాండ్రీ ఒకటి తెరిచాక హోటలు దుప్పట్లు అటు మళ్లిపోయాయి. అప్పట్నుంచి రెండో మిషను పగలంతా ఊరికే నోరు తెరుచుకుని కూర్చుంటోంది. ఈ సీజను కూడా ఇలాగే గడిస్తే దాన్ని అమ్మేయక తప్పదని కూతురు ఒకరోజు భోజనం దగ్గర అంది. అమ్మ ఆ రోజు కంచం ముందు నుంచి లేచిపోయింది. ఒక మిషను పోతే సగం షాపు పోయినట్టు, సగం షాపు పోతే పెద్దాయన పోయినట్టు, ఆయన పోయాక ఇక తాము ఎంతసేపు!

ఆ పొద్దున మొదట వచ్చింది నీలం చొక్కా చేత్తో పట్టుకున్న ఒక కుర్రాడు. అమ్మ చొక్కా అందుకుంది. జేబులు తిరగేసింది. కుట్టు లోపలి వైపు వేళ్లతో నలిపి చూసింది. గుండీ ఒకటి గోటితో తట్టింది.

"ఉతుకుతాం నాయనా. కానీ ముందే చెబుతున్నాను. రంగు కొంచెం దిగొచ్చు. దిగకపోవచ్చు కూడా. చేతులు ఒక పిసరు కుంచించుకుపోవచ్చు. ఈ గుండీ ఉందే, ఇది వేడికి పగిలే రకం. పగిలితే ఇలాంటిది బజార్లో దొరక్కపోవచ్చు."

కుర్రాడు చొక్కా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. "నేను మళ్లీ వస్తానండీ," అని చొక్కాను జబ్బుచేసిన పిల్లాడిలా రెండు చేతుల్లోకి తీసుకుని వెళ్లిపోయాడు. అతను మలుపు వైపే నడవడం కూతురు చూసింది.

"అమ్మా! పంపేశావా?"

"పంపలేదే. చెప్పాను. చెప్పకుండా ఎలా? రేపు ఆ గుండీ పగిలితే?"

"పగలకపోతే?"

పగలకపోవడం గురించి అమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు.

తమ్ముడు వచ్చేసరికి ఎండ కౌంటరు మీదికి పాకింది. అతను వస్తే షాపులో ఇంకో దీపం వెలిగించినట్టుండేది. అది అమ్మ కూడా ఒప్పుకునేది. ఇస్త్రీ పెద్దాయన భుజం తట్టాడు, మేనకోడలి జడ లాగాడు, అక్క ముందు స్టూలు జరుపుకుని కూర్చున్నాడు.

"అక్కా, షాపు నడిచేది సబ్బుతో కాదు, మనిషి స్వభావంతో. క్లాసులో అదే చెప్పారు. ఇప్పుడు నేను కొన్ని ప్రశ్నలడుగుతా. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పొద్దున లేవగానే నీకేమనిపిస్తుంది? ఇవాళ మంచి జరుగుతుందనా, చెడు జరుగుతుందనా?"

"రాత్రి గ్యాసు కట్టేశానా లేదా అనిపిస్తుంది."

"అది కాదక్కా..."

"అది చూసొచ్చాకే కదరా మిగతావన్నీ."

తెర వెనక నుంచి పెద్దాయన నవ్వు వినిపించింది. తమ్ముడు తగ్గలేదు.

"సరే. కొత్తవాళ్లతో మాట్లాడటం నీకిష్టమేనా?"

"వాళ్లకిష్టమైతే."

"పెద్ద పని వచ్చిందనుకో. మొదట ఏం గుర్తొస్తుంది?"

"పాడైతే ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని."

తమ్ముడు తొడ మీద చరుచుకుని లేచాడు. "అయిపోయింది. ధైర్యం సున్నా. కలుపుగోలుతనం సున్నాకి కొంచెం అటూ ఇటూ. ఆందోళన మాత్రం పదికి పది. ఎందులోనైనా పదికి పది తెచ్చుకోవడం పుట్టాక నీకిదే మొదటిసారి కదక్కా!"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. చిన్నప్పట్నుంచీ వాడి మాటకు నవ్వడం అలవాటు. కానీ ఆ తర్వాత తమ్ముడు కౌంటరు మీద మోచేతులాన్చి, గొంతు తగ్గించి, మేనకోడలితో అన్న మాటకు ఆమె నవ్వు సగంలో ఆగింది.

"నేను సరదాకి అనడం లేదమ్మాయ్. భయపడేవాళ్లు ముందు కూర్చుంటే ఆ భయం కొనేవాడికి అంటుకుంటుంది. నన్ను కొన్నాళ్లు కౌంటరు దగ్గర కూర్చోనీ. అక్క వెనక ఉంటుంది. అంతే, ఇంకేం మార్చక్కర్లేదు."

కూతురు కౌంటరు మీద లేని దుమ్మును అరచేత్తో తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. అమ్మకు ఆ చెయ్యి చూడగానే అర్థమైపోయింది.

"కొన్నాళ్లు చూద్దామమ్మా. నువ్వు లోపల ఉండు. ఎవరైనా వస్తే... మాట్లాడకు. మిషను నిలబడాలి కదా మనకి."

తను కూర్చునే స్టూలు అమ్మే ఎత్తుకుంది. తెర తొలగించి లోపలికి వెళ్లి, మిషన్లకీ ఇస్త్రీ బల్లకీ మధ్య, నీళ్ల కాలవ పక్కన వేసుకుంది. అక్కడ గచ్చు వాలుగా ఉంది. స్టూలు ఒక కాలు గాల్లో ఉండి టకటకలాడింది. ఇస్త్రీ పెద్దాయన వంగి, పాత గుడ్డ మడిచి ఆ కాలి కింద దోపాడు.

"బాధపడకు చెల్లెమ్మా. ఆయన ఇలా నవ్వుతూనే ఇప్పటికి రెండు షాపులు మూశాడు. మనది మూడోది కావడానికి టైము పడుతుందిలే."

"అలా అనకు అన్నయ్యా. అలా అంటే నిజమవుతుందేమోనని భయం నాకు."

తమ్ముడు కూర్చున్నాక షాపులోకి మనుషులు రావడం మొదలైంది. ఇది అబద్ధం కాదు. తెర సందులోంచి అమ్మ కళ్లారా చూసింది. వీధిలో పోయేవాణ్ని పేరుపెట్టి పిలిచేవాడు, పేరు తెలియకపోతే వరసపెట్టి పిలిచేవాడు. "ఏం పిన్నీ, దుప్పట్లు ఇంకా ఇంట్లోనే ఉతుకుతున్నావా? నడుం నీదేనా, అద్దెకు తెచ్చుకున్నావా?" అంటే ఆవిడ సాయంత్రానికి దుప్పట్లు మోయించుకుని వచ్చేసింది. తను అంతకాలం కూర్చున్నా ఇన్ని నవ్వులు ఆ కౌంటరు దాటి లోపలికి రాలేదు. నా తప్పేనేమో, అనుకుంది అమ్మ. అనుకుని, వచ్చిన దుప్పట్లన్నీ వెలుతురుకు పట్టి చిరుగులు వెతికింది.

నాటకశాల నుంచి నాటకాలావిడను పట్టుకొచ్చింది కూడా అతనే. ఒక మధ్యాహ్నం ఆవిడ షాపులోకి వచ్చింది. మెడలో కొలత టేపు, జాకెట్టు చేతి మీద వరసగా గుండుసూదులు, మొహంలో ఏ భావమూ లేదు. నాటకశాలలో నటుల దుస్తులన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. తోపుడు బండి నిండా తెల్లని పొడవాటి కోట్లు, అన్నిటికీ ఎర్ర కాలర్లు, ఎర్ర మణికట్లు. కొత్త నాటకంలో సిపాయిల గుంపు తొడుక్కునేవి.

"ఇవి మొదట," అంది ఆవిడ. "చూశాక మిగతావి."

"మిగతావి అంటే?" అని కూతురు అడిగింది.

"ఏడాది పొడుగునా ఉంటాయి."

కూతురు ఊపిరి లోపలికి తీసుకోవడం తెర వెనకున్న అమ్మకు వినిపించింది. ఏడాది పొడుగునా! రెండో మిషను నోరు మూసుకుని తిరుగుతుంది. పెద్దాయన ఉంటాడు. అమ్మ గుండెలో ఆ సంతోషం పూర్తిగా పొంగకముందే దాని నెత్తిన ఇంకోటి వచ్చి కూర్చుంది. తెలుపు మీద ఎరుపు.

"రంగు?" అని నాటకాలావిడే అడిగింది.

"రంగా అండీ!" అన్నాడు తమ్ముడు. "మా షాపులో రంగులు చెప్పిన మాట వింటాయి. ఎక్కడివక్కడ గప్‌చుప్‌గా కూర్చుంటాయి. ఆవలెల్లుండి పొద్దున్నకి పాలనురగలా అప్పజెబుతాం."

అమ్మ నోరు తెరిచింది. ఇస్త్రీ పెద్దాయన పెట్టె ఎత్తిపట్టి వద్దన్నట్టు తలూపాడు. ఆమె అరచేత్తో తన నోరు తనే మూసుకుంది. నాటకాలావిడ నవ్వలేదు. తల కొంచెం ఆడించి వెళ్లిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే అమ్మ తెర దాటి వచ్చేసింది. "ఒక్కటి చూస్తానే. మాట్లాడను, ఒక్కటి చూస్తాను."

ఆమె పద్ధతి అదే. తెల్లగుడ్డ తడిపి, పిండి, బట్ట లోపలి కుట్టు మీద పరిచి, పైన వేడి పెట్టె ఆన్చేది. దిగే రంగైతే ఆ తెల్లగుడ్డకు అంటుతుంది. గుట్టలో పైనున్న కోటు తీసి ఎర్ర కాలరు మీద గుడ్డ పరిచింది. పెట్టె ఆన్చింది. ఆవిరి లేచింది. అందరూ వంగి చూశారు. అమ్మ గుడ్డ ఎత్తింది.

తెల్లగా ఉంది. కడిగిన గిన్నెంత తెల్లగా.

"చూశావా!" అని తమ్ముడు రెండు చేతులూ పైకెత్తాడు. "రంగు కూడా అక్కకి భయపడి లోపలే దాక్కుందిరా బాబూ!"

"అన్నీ చూడాలే అమ్మాయ్..."

"అమ్మా!" కూతురు గొంతులో విసుగు కన్నా అలసట ఎక్కువుంది. "నీ పరీక్షే. నీ చేత్తోనే చేశావు. బాగుందని నీ కళ్లతోనే చూశావు. ఇంకా ఏం కావాలి నీకు?"

నిజమే కదా అనుకుంది అమ్మ, తన భయం తన చేతిలోనే ఓడిపోయింది. చేతిలో గుడ్డ మడిచింది. "రెండు మిషన్లలోనూ ఒకేసారి వేయకు తల్లీ. ముందు ఒకటి వెయ్యి. నా తృప్తి కోసం," అంది. ఆ ఒక్కదానికి కూతురు ఒప్పుకుంది, తల్లి మొహం చూసి జాలిపడినట్టు.

మర్నాడు పొద్దున తమ్ముడే బండి వంచి కోట్లు మిషను ముందు కుమ్మరించాడు. గుట్ట తలకిందులైంది. అడుగున ఉన్నవి పైకి వచ్చాయి. పైకొచ్చిన వాటితో కూతురు మొదటి మిషను నింపి తలుపు వేసింది. మిగతావి బండిలోనే ఉన్నాయి. మిషను తిరగడం మొదలయ్యాక తమ్ముడు టీ తెప్పించాడు. నాటకశాల పని దొరికినందుకు అందరికీ తన తరఫున అన్నాడు. అమ్మ గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది గానీ తాగలేదు. గుండ్రటి అద్దంలో తెల్లటి చేతులు పైకీ కిందికీ పొర్లుతున్నాయి.

మొదట చూసింది ఇస్త్రీ పెద్దాయన. "చెల్లెమ్మా, ఈ నురగేంటి ఇలా ఉంది?"

నురగ గులాబీ రంగులో ఉంది. చూస్తుండగానే చిక్కబడింది. అద్దం లోపల సిపాయిల చేతులన్నీ నెమ్మదిగా గులాబీ రంగుకు తిరిగాయి.

కూతురు పరిగెత్తి మీట నొక్కింది. మిషను ఆగింది. కూతురు బోర్లించిన బుట్ట మీద కూలబడింది. తమ్ముడి మొహం మీద టీతోపాటు వచ్చిన నవ్వు ఇంకా ఉంది. దాన్ని తీయడం మర్చిపోయినట్టు ఉంది.

"ఏం కాదు, ఏం కాదు," అన్నాడు ఎవరూ అడక్కుండానే. "ఎండలో ఆరేసేద్దాం. ఆరితే తేలికవుతుంది. లేత గులాబీ. స్టేజీ మీద ఆ లైట్లలో ఎవడు చూడొచ్చాడు? లేదంటే... లేదంటే మాకు ఇలాగే ఇచ్చారని..."

"ఆరనివ్వకండి!"

ఆ గొంతు ఎవరిదా అని ముగ్గురూ తిరిగి చూశారు. అమ్మ లేచి నిలబడి ఉంది. టీ గ్లాసు ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. ఒక్క చుక్క తొణకలేదు.

"తడిగా ఉన్నంతసేపు అది బట్టకు చుట్టం. ఆరిందంటే ఇంటిమనిషి అయిపోతుంది, ఇక పొమ్మన్నా పోదు. ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు. అన్నయ్యా, పెట్టె కట్టెయ్. అమ్మాయ్, లే. ఆ నీళ్లు కాలవలోకి వదిలెయ్. ఒరేయ్, టబ్బులన్నీ పట్రా, చన్నీళ్లు పట్టు. ఎవరూ ఏదీ పిండకండి."

వాళ్లు కదిలారు. అలా చెప్పే మనిషి ముందు కదలకుండా ఉండటం కుదరలేదు. కోట్లు ఒక్కొక్కటే చన్నీళ్లలో మునిగాయి. చొక్కా గుండీని తట్టి అనుమానించే అమ్మ చేతులు, పడని షట్టరుకు లేచే చేతులు, ఇప్పుడు నీళ్లలో చేపల్లా తిరుగుతున్నాయి.

"నీకివన్నీ ఎలా తెలుసమ్మా?" కూతురు తడికోటు పట్టుకుని తలెత్తింది. "మనకెప్పుడూ ఇలా కాలేదుగా."

"మీకు కాలేదు. నాకు చాలాసార్లైంది. మీరంతా నిద్రపోయాక నాకు రోజూ ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది. తెల్లబట్టలు గులాబీ అయ్యాయి, పచ్చవయ్యాయి, మిషను పేలింది, పెట్టె మాడింది. భయపడి ఊరుకుంటే నిద్ర పట్టి చావదే. ఆ తర్వాత ఏం చేయాలో తేలితేనే రెప్ప పడేది."

ఇస్త్రీ పెద్దాయన కాలరొకటి వెలుతురుకు పట్టి చూశాడు. బిరుసుగా ఉంది. కుట్టుదారం నిగనిగలాడుతోంది. బండిలో మిగిలిన వాటి కాలర్లు మెత్తగా, చాలాసార్లు ఉతికి నలిగినట్టున్నాయి. నిన్న అమ్మ పరీక్షించింది ఆ నలిగిన వాటిలో ఒకదాన్ని. పాత నాటకాల కోట్లలోకి ఈసారి కొత్త సిపాయిలు చేరారన్నమాట. కొత్త ఎరుపు. అదంతా గుట్ట అడుగున ఉండి, బండి వంచినప్పుడు మిషన్లోకి వెళ్లింది. అన్నీ చూడాలే అన్న మాట గదిలో అందరికీ గుర్తొచ్చింది. అమ్మ మాత్రం ఆ మాట ఎత్తలేదు. ఎత్తడానికి ఆమెకు తీరిక లేదు.

"కాలర్లు, మణికట్లు విప్పేద్దాం. ఎరుపు పక్కనుండగా తెలుపు తెల్లబడదు. వేటికవి వేరుగా ఉతికి మళ్లీ కుట్టించాలి. ఒరేయ్ తమ్ముడూ, పక్కవీధి దర్జీని పట్టుకురా. పని మధ్యలో ఉన్నాడంటాడు. నీ నవ్వు ఇప్పుడు వాడుకో."

తమ్ముడు కదలబోయి ఆగాడు. "మరి ఆవిడ...?"

"నేను వెళ్లి చెప్పొస్తా."

"వద్దమ్మా!" కూతురు తడిచేత్తో తల్లి మోచెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దు. బాగుచేసి ఇచ్చేద్దాం. తెలియనే తెలియదు. బాగవుతుందన్నావుగా!"

"బాగవుతుందని నేనెప్పుడైనా, దేని గురించైనా అన్నానటే?"

అది నిజం. కూతురు చెయ్యి వదిలింది.

"రేపు తెలిస్తే ఆవిడకి వేరే దారి ఉండదు. ఇవాళ తెలిస్తే ఏదో ఒక దారి చూసుకుంటుంది. మనల్ని తిడుతుంది. తిట్టనీ."

గులాబీ కోటొకటి బేసిన్లో పెట్టుకుని, ఆరిపోకుండా పైన తడిగుడ్డ కప్పి, అమ్మ నాటకశాల వెనక తలుపు దాకా నడిచింది. దారి పొడుగునా ఆవిడ ఏమనొచ్చో అన్నీ తనకు తనే అనుకుంది. బేసిను విసిరికొట్టొచ్చు. నలుగురినీ పిలిచి నిలబెట్టొచ్చు. మలుపులో ఉన్న అద్దాల లాండ్రీకి ఫోను చేయొచ్చు. గుమ్మం దగ్గరకు వచ్చేసరికి తిట్లన్నీ అయిపోయాయి. లోపలికి వెళ్లి పడటానికి కొత్తవేమీ మిగల్లేదు.

దుస్తుల గదిలో తలల్లేని బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. సీసాల నిండా గుండీలు. నాటకాలావిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక బొమ్మకు నడుం బిగిస్తోంది. అమ్మ బేసిను బల్ల మీద పెట్టి తడిగుడ్డ తీసింది.

"పాడైందండీ. మా దగ్గరే పాడైంది. కొత్త కాలర్లు చూసుకోలేదు. తడిగానే ఉంచాను. కాలర్లు విప్పి, తెలుపును వేరే ఉతికితే తెల్లబడొచ్చు. కుట్టు మడతల్లో కొంచెం మిగలొచ్చు. ఒకటో రెండో అసలు మాట వినకపోవచ్చు. కాలరు మళ్లీ కుట్టినప్పుడు వెంట్రుకవాసి తేడా రావచ్చు. వేరే వాళ్ల దగ్గరికి తీసుకెళతామంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. తడిగానే తీసుకెళ్లండి."

నాటకాలావిడ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి చేతి మీద గుచ్చుకుంది. కోటు ఎత్తి చూసింది. దించింది. తిట్టలేదు. సరే అనలేదు. సొరుగు లాగి, కుట్లు విప్పే చిన్న కత్తి తీసి జేబులో వేసుకుని, అమ్మకన్నా ముందు గుమ్మం దాటింది.

ఆ మధ్యాహ్నం షాపులో టబ్బుల చుట్టూ ఇంతమంది కూర్చోవడం ఎప్పుడూ లేదు. దర్జీ వచ్చాడు. పని మధ్యలోనే ఉన్నాడు, కానీ తమ్ముడు ఎలా తెచ్చాడో తెచ్చాడు. నాటకాలావిడ గచ్చు మీదే కూర్చుని ఒళ్లో తడికోటు వేసుకుని ఒక్కో కుట్టూ తెంపింది. ఆవిడ మౌనానికి గదంతా బిగుసుకుపోతుంటే తమ్ముడే దాన్ని వదులు చేశాడు. దర్జీకి తన రెండో షాపు మూసేసిన కథ చెప్పాడు. గొడుగుల షాపట. అది తెరిచాక ఆ ఊళ్లో చినుకు పడలేదట.

"మా ఊళ్లో తెరవకపోయావా, వరదలైనా ఆగేవి!" అన్నాడు దర్జీ.

ఇస్త్రీ పెద్దాయన నవ్వి నవ్వి దగ్గాడు. నాటకాలావిడ నవ్వలేదు గానీ ఆవిడ కత్తి కొంచెం వేగంగా కదిలింది. అమ్మ తమ్ముడి వైపు చూసింది. వీడు లేకపోతే ఈ కోట్లు ఇక్కడికి వచ్చేవే కావు, ఈ దర్జీ వచ్చేవాడూ కాదు, అనుకుంది. చిన్నప్పుడు వాడి నవ్వుకు తను కూడా ఎన్నిసార్లు పడిపోయిందో!

నీళ్లు మార్చారు. గులాబీ. మళ్లీ మార్చారు. లేత గులాబీ. ఎరుపంతా వేరయ్యాక అమ్మ గోరువెచ్చని నీళ్లలో తెల్లబరిచే పొడి కలిపి కోట్లు నానబెట్టింది. వేడి సరిపోయిందా అని మోచేతితో చూసింది, పసిపిల్లల స్నానానికి చూసినట్టు. కాలర్లు వేరే టబ్బులో. వాటిని నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికాక తడిగుడ్డ పరీక్ష. ఈసారి ఒక్కటి కాదు. కూతురు ఒక్కో కాలరూ, ఒక్కో మణికట్టూ తెచ్చి బల్ల మీద పరిచింది, "అమ్మా, ఇది చూడు. ఇది కూడా. ఇది రెండోసారి చూద్దామా?" అంటూ. గుడ్డకు ఎరుపు పొడ తగిలిన ప్రతిదీ మళ్లీ నీళ్లలోకి వెళ్లింది.

మర్నాడు వాటిని ఎండలో వేశారు. ఎరుపు లేని తెలుపుకు ఎండ మంచిదే. మేడ మీద తాడు పొడుగునా కాలర్లు లేని కోట్లు చేతులు చాపుకుని వేలాడాయి. మధ్యాహ్నానికి అమ్మ మెట్లెక్కి వెళ్లి చూసి, అక్కడే కాసేపు నిలబడిపోయింది. కళ్లు చికిలించుకోవాల్సినంత తెల్లగా ఉన్నాయి. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని ఒక కోటు చేతిని పట్టుకుని కొంచెం ఊపింది, చాలాకాలానికి ఇంటికొచ్చిన వాడితో చేయి కలిపినట్టు. తర్వాత తాడు తెగుతుందేమోనని ముడి చూసింది.

ఒకే ఒక్కటి మాట వినలేదు. ఎడమ భుజం మడతలో గోరంత గులాబీ మిగిలింది. దర్జీ కాలర్లు కుట్టాక, ఇస్త్రీ అయ్యాక, తమ్ముడు దాన్ని గుట్ట మధ్యలో, ఆ భుజం లోపలికి మడిచి పెట్టాడు. అమ్మ దాన్ని లాగింది. మడత విప్పి, ఆ గులాబీ పైకి కనిపించేలా గుట్ట మీద అన్నిటికన్నా పైన పెట్టింది. తమ్ముడు మేనకోడలి వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. కూతురు ఆ కోటు కాలరు సరిచేసి అక్కడే ఉండనిచ్చింది.

మాటిచ్చిన పొద్దునే నాటకాలావిడ వచ్చింది. వీధిలో బండి ఆపి, ఒక్కతే లోపలికి వచ్చింది. పైకోటు భుజం చూసింది. బొటనవేలితో రుద్దింది. పక్కన పెట్టింది. తర్వాతది తీసింది. కాలరు తిప్పింది, కుట్టు లాగి చూసింది, మణికట్టు లోపల వేలు పెట్టి చూసింది. ఒక్కటీ వదల్లేదు. అమ్మ తెర పక్కన నిలబడి ఉంది. ఇంతసేపు చూస్తోందంటే ఏదో కనిపించింది. ఇంకో మచ్చ. విడిపోయిన కుట్టు. బండి నేరుగా మలుపుకే పోతుంది. రెండో మిషను అమ్మేశాక ఆ చోట గచ్చు మీద నాలుగు మరలు దిగిన గుర్తులు మిగులుతాయి. వాటిని రోజూ తుడవాలి.

ఆఖరి కోటు కూడా గుట్ట మీదికి చేరింది. కూతురు ఇక ఆగలేకపోయింది.

"మిగతా బట్టలు... మాకే ఇస్తారా అండీ?"

నాటకాలావిడ భుజానికున్న సంచిలోంచి ఒక బట్ట తీసి కౌంటరు మీద పరిచింది. రాణి వేషానికి వేసే పైవస్త్రం. ముదురాకుపచ్చ మఖమలు, అంచు పొడుగునా గాజుపూసలు, బంగారు తీగల అల్లిక, లోపల పాతబడ్డ పట్టు అస్తరు.

తమ్ముడి మొహం వెలిగింది. "ఆహా! ఇదెంత పనండీ మాకు! రేపీపాటికి..."

కూతురు చెయ్యి వచ్చి అతని మోచేతి మీద వాలింది. "ఆగు మావయ్యా." వెనక్కి తిరిగింది. "అమ్మా. ఇలా రా. నువ్వు చూడు."

అమ్మ కౌంటరు దగ్గరకు వచ్చింది. తమ్ముడు తను కూర్చున్న చోటు నుంచి లేచి పక్కకు జరిగాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే మఖమలు మీద అరచెయ్యి ఆనించింది. అస్తరు తిప్పింది. ఒక పూస పట్టుకుని అటూ ఇటూ కదిపింది. అబద్ధం చెబితే ఏడాది పని. నిజం చెబితే నీలం చొక్కా కుర్రాడు. కూతురి వైపు చూసింది. కూతురు తల ఆడించింది.

"నాకు భయంగా ఉందండీ," అంది అమ్మ. "నీళ్లు తగిలితే ఈ మఖమలు నూగు పడుకుండిపోతుంది, మళ్లీ లేవకపోవచ్చు. ఈ తీగ నల్లబడొచ్చు. పూసలు గాజువి, వాటి దారం చివికిపోయింది, ఒకటి తెగితే వరసంతా రాలుతుంది. అస్తరు ఒకలాగా, పైది ఇంకోలాగా కుంచించుకుపోతే అంచు మెలితిరుగుతుంది. ముందు అస్తరు విప్పాలి, పూసలు విప్పాలి. ఆవిరి మాత్రమే చూపించాలి, అదీ వెనక నుంచి, ముందు ఒక మూల చూసుకుని. అప్పుడు కూడా బాగవుతుందని నేను మాటివ్వలేను. రేపటికి మాత్రం అవదు. వారం పట్టొచ్చు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

తెర వెనక ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. నాటకాలావిడ అమ్మను చూస్తోంది. అమ్మ చేతిని చూసింది, అది ఇంకా ఆ పూసను రాలకుండా పట్టుకునే ఉంది. తమ్ముడు ఏదో అనబోయి పెదవులు బిగించుకున్నాడు. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగుతూ దగ్గరికొచ్చి, మోగుతూ దూరమైపోయింది. అమ్మ ఎదురుచూసింది. ఈసారి ఆమెకు ఏ చెడ్డ ఊహా తట్టలేదు. చెప్పాల్సిందంతా చెప్పేశాక లోపల ఖాళీగా, తేలిగ్గా ఉంది.

నాటకాలావిడ మఖమలును అమ్మ వైపు మెల్లగా జరిపింది.

"దీన్ని ఇప్పటికి ముగ్గురికి చూపించాను. ముగ్గురూ ఏమీ కాదన్నారు," అంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. "మిగతావన్నీ బయట బండిలోనే ఉన్నాయి. దించుకోండి."